లెక్క కనిపించే సాఫ్ట్‌వేర్ కొనండి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యాను. ఆఫీసులకు కొత్త కంప్యూటర్ల మాట వచ్చిన ప్రతిసారీ, లెక్కలకు ఏ సాఫ్ట్‌వేర్ కొనాలన్న చర్చ ధర దగ్గర మొదలై ధర దగ్గరే ఆగిపోవడం సర్వీసంతా చూశాను. ఆ లెక్కని రెండో మనిషి చదవగలడా, తప్పుంటే పట్టుకోగలడా అని అడిగినవాళ్లు తక్కువ. మన ఊళ్లలో రోడ్లు, కల్వర్టులు, కాలువలు ఆ లెక్కల మీదే నిలబడతాయి కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఒకసారి ఓ గెడ్డ (చిన్న వాగు) మీద కల్వర్టుకి డిజైన్ నా టేబుల్ మీదికి వచ్చింది. మన వైపు చిన్న గెడ్డలకు వరద ఎంత వస్తుందో లెక్కకట్టడానికి రైవ్స్ ఫార్ములా అందరికీ అలవాటే. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల నుంచీ ఉన్నది. పరీవాహక ప్రాంతాన్ని చదరపు కిలోమీటర్లలో తీసుకుని, దాని టూ బై త్రీ పవర్‌ని ఒక గుణకంతో హెచ్చవేస్తే సెకనుకు ఎన్ని ఘనపు మీటర్ల నీరు వస్తుందో తేలుతుంది. తీరానికి దగ్గరైతే గుణకం 6.8, కొండ ప్రాంతమైతే 10.2. అసలు ఫైలులోని అంకెలు వదిలేసి, చేత్తో సరిచూసుకునేలా రౌండ్ ఫిగర్లలో చెబుతాను. 8 చదరపు కిలోమీటర్లకు టూ బై త్రీ పవర్ 4. దాన్ని 6.8తో హెచ్చవేస్తే 27.2. అదే 27 చదరపు కిలోమీటర్లయితే 9, అంటే 61.2.

కుర్ర ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) వేరే పనికి చేసిన ఎక్సెల్ షీటు కాపీ చేసుకుని, విస్తీర్ణం 8 ఉన్నచోట 27 కొట్టాడు. ప్రవాహం మాత్రం 27.2 దగ్గరే ఉండిపోయింది. దాని కింద వెంట్లు (నీరు పోయే దారులు) ఎన్ని, వెడల్పు ఎంత, కోత లోతు ఎంత అన్నవన్నీ రంగుల గడుల్లో ముచ్చటగా ఉన్నాయి. అప్పటికే రెండు సంతకాలు పడ్డాయి. మూడోది నేనూ పెట్టేసేవాణ్ణే. పక్కన నిలబడ్డ వర్క్ ఇన్‌స్పెక్టర్ డ్రాయింగ్ చూసి, "రెండు వెంట్లు చాలవు బాబూ, ఈ గెడ్డ పొంగితే గట్టుమీద తాటిచెట్ల మొదళ్లు ములిగిపోతాయి" అన్నాడు. అప్పుడు ఆ గడి మీద క్లిక్ చేసి చూశాను. పైన బార్‌లో ఫార్ములా లేదు, ఈక్వల్ టూ గుర్తు కూడా లేదు. ఎవరో ఎప్పుడో ఫార్ములా మీదే అంకె టైపు చేసి వదిలేశారు. కాగితం మీద ప్రింటు తీస్తే ఆ సంగతి ఎవరికీ కనపడదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి వంశధార, బాహుదా నదులు పొంగినప్పుడు నాకు పదేపదే గుర్తుకొచ్చింది ఆ ఒక్క గడే.

ఆ కుర్రాణ్ణి నేను తప్పుపట్టలేదు. ఎక్సెల్ తీరే అంత. జవాబు పైకి చూపిస్తుంది, ఫార్ములాని గడి వెనక దాస్తుంది. బ్రాకెట్ మరిచిపోయి 6.8*8^2/3 అని కొడితే 27.2 రావాల్సిన చోట 145 వస్తుంది. అది పెద్ద తేడా కనుక ఎవరికైనా అనుమానం వస్తుంది. పట్టుబడని తప్పులూ ఉంటాయి. ఎక్సెల్‌లో =-2^2 అని కొట్టి చూడండి, 4 వస్తుంది. మనం బళ్లో నేర్చుకున్న లెక్క ప్రకారం మైనస్ 4 రావాలి. లెక్కల ప్రోగ్రాములు రాసుకునే సైలాబ్, పైథాన్ మైనస్ 4 అనే చెబుతాయి. బీము లెక్కలో ముందు మైనస్ ఉన్న వర్గం పదం ఎక్కడో ఓ చోట తగులుతూనే ఉంటుంది. ఈ సంగతి తెలియక ఒక షీటులోది ఇంకో దాంట్లోకి ఎక్కిస్తే గుర్తు తారుమారవుతుంది.

ఇక యూనిట్లు. గొట్టా బ్యారేజీ నుంచి ఇన్ని వేల క్యూసెక్కులు వదిలారని మీ పత్రికలోనే చదువుతుంటాం. ఆఫీసులో కొత్త డిజైన్ మాత్రం క్యూమెక్కుల్లో చేస్తాం. క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపు అడుగు, క్యూమెక్కంటే సెకనుకు ఒక ఘనపు మీటరు. ఒక క్యూమెక్కు 35.3 క్యూసెక్కులు. పాత కాలువల వివరాలు అడుగుల్లో ఉంటాయి, కొత్త సర్వే మీటర్లలో ఉంటుంది. కాలువలో నీటి వేగానికి వాడే మానింగ్ ఫార్ములాలో మీటర్లయితే పైన గుణకం 1, అడుగులైతే 1.486. అడుగుల కాలం నాటి షీటులో మీటర్ల కొలతలు వేస్తే వేగం ఒకటిన్నర రెట్లు కనిపిస్తుంది. అంత వేగంగా పోతుందని నమ్మి కాలువ సన్నగా గీస్తాం. చివరి ఎకరాలకు నీరందక రైతు ఆఫీసు చుట్టూ తిరిగేటప్పుడు ఆ షీటు ఎక్కడుందో కూడా ఎవరికీ గుర్తుండదు.

ఎక్సెల్ మానేయమని నేను అనడం లేదు. ఎస్టిమేట్లకు, రేట్ అనాలిసిస్‌కి, స్టీలు షెడ్యూలుకి దాన్ని మించింది లేదు. పైసా ఖర్చు లేని లిబ్రే ఆఫీస్ కూడా ఆ పని చేస్తుంది. డిజైన్ లెక్క వేరు. దానికి మ్యాథ్‌క్యాడ్ లాంటి లెక్కల సాఫ్ట్‌వేర్ మేలు. అందులో ఫార్ములా మనం నోటుబుక్‌లో రాసినట్టే పేజీ మీద కనిపిస్తుంది, యూనిట్లు అంకెతోపాటే నడుస్తాయి. రెండు చివర్లా ఊరికే ఆనుకుని మీటరుకు 20 కిలోన్యూటన్ల బరువు మోసే బీముకి స్పాన్ (ఆధారాల మధ్య దూరం) 3 మీటర్లని రాసినా 3000 మిల్లీమీటర్లని రాసినా మధ్యలో వచ్చే మొమెంట్ (బీముని వంచే ప్రభావం) 22.5 కిలోన్యూటన్ మీటర్లే. మీటర్లని కిలోన్యూటన్లతో కూడమంటే ఒప్పుకోదు. ఇబ్బంది ఇంకో చోట ఉంది. దానికి లైసెన్స్ డబ్బు కట్టాలి. పైగా పాత మ్యాథ్‌క్యాడ్ 15 అమ్మకం, సపోర్టు 2021 చివరితో ఆగిపోయాయి. ఆ ఫైళ్లు కొత్త మ్యాథ్‌క్యాడ్ ప్రైమ్‌లో నేరుగా తెరుచుకోవు, మార్చుకోవాలి. వంతెన మాత్రం మనవల కాలం దాకా నిలబడాలి. అప్పుడు రిపేరుకి వచ్చిన ఇంజినీరు పాత లెక్క తెరిచి చూసుకోవద్దా?

అందుకే ఉచితంగా దొరికే సైలాబ్, పైథాన్ వైపు మన ఆఫీసులు ఒక్కసారి చూడాలంటాను. వాటిలో రాసిన ఫైలు మామూలు అక్షరాలే, నోట్‌ప్యాడ్‌లోనైనా తెరుచుకుంటుంది. నేర్చుకోవడానికి కొన్ని వారాలు కష్టపడాలి, ఆ మాట దాచను. ఐఐటీ బొంబాయి వారి ఫాసీ ప్రాజెక్టు సైలాబ్ వాడకాన్ని ఏళ్లుగా ప్రోత్సహిస్తోంది. అక్కడి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాల్లో తెలుగువీ ఉన్నాయి. ప్రభుత్వ కార్యాలయాల్లో ఇలాంటి ఓపెన్ సోర్స్ (లోపలి కోడు అందరూ చూడగలిగే) సాఫ్ట్‌వేర్‌కి ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది.

క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ సంగతి కూడా చెప్పాలి. పెన్‌డ్రైవ్‌లో చేతులు మారే ఈ కాపీలు ప్రైవేటు కన్సల్టెంట్ల దగ్గర ఎక్కువ, కాలేజీ పిల్లల దగ్గర ఇంకా ఎక్కువ. తెలిసి వాడితే కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద జైలు 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా, జరిమానా 50 వేల నుంచి 2 లక్షల దాకా ఉంది. చట్టం భయం అలా ఉంచి, ఎవరో లోపల కెలికి వదిలిన ప్రోగ్రామ్ ఇచ్చిన జవాబు నమ్మి స్లాబు ఎలా పోస్తాం? ఆ స్లాబు కింద పిల్లలు పడుకుంటారు.

అధికారులకు నా అభ్యర్థన పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఇరిగేషన్, ఆర్ అండ్ బీ, పంచాయతీరాజ్‌లలో ఎవరి షీటు వాళ్లదిగా ఉంది. రోజూ వాడే లెక్కలు మహా అయితే పది పదిహేను. వాటిని ఒకచోట చేర్చి, విజయనగరం జేఎన్‌టీయూలోనో మరే ఇంజినీరింగ్ కాలేజీలోనో అధ్యాపకులతో సరిచూయించి, అన్ని శాఖలకూ అవే ఇవ్వండి. ఫార్ములా గడులకు తాళం వేయండి. మొదటి పేజీలో చేత్తో చేసిన ఒక ఉదాహరణ, సరిచూసిన వారి పేరు, తేదీ ఉండాలి. ఎస్టిమేట్‌తో పాటు ఫార్ములాలు, యూనిట్లు కనపడే లెక్క కాగితం జతచేయకపోతే టెక్నికల్ శాంక్షన్ ఇవ్వకండి. కొత్త సాఫ్ట్‌వేర్ కొనే ముందు ఒక పాత కల్వర్టు లెక్కని అందులో చేయించి, సైటు తెలిసిన వర్క్ ఇన్‌స్పెక్టర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.

కల్వర్టు వరద లెక్క, కాలువ సెక్షన్ లెక్క నేను సైలాబ్‌లో రాసుకుని, చేతిలెక్కతో పోల్చి చూసుకున్నవి ఉన్నాయి. ఏ ఆఫీసు అడిగినా ఉచితంగా ఇస్తాను, కుర్ర ఇంజినీర్లకు కూర్చుని నేర్పుతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఇంజినీరు,
శ్రీకాకుళం