జ్వరం రాకముందే ముప్పును అంచనా వేసినవారికి కృతజ్ఞతలు

మా తమ్ముడి ఊపిరితిత్తుల్లో ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ ఇన్ఫెక్షన్‌ను తొలి దశలోనే పట్టుకున్న వైద్య బృందానికి మా కుటుంబమంతా రుణపడి ఉంది. తాజా సీటీ స్కాన్‌లో మచ్చ బాగా తగ్గింది.

తమ్ముడికి అక్యూట్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్. కీమోథెరపీ మొదలుపెట్టక ముందే హెమటాలజీ (రక్త వ్యాధుల) డాక్టరు గారు మమ్మల్ని కూర్చోబెట్టి ఓపికగా అన్నీ అడిగారు. స్టెరాయిడ్లు వాడాడా, వాడితే ఎంతకాలం? షుగర్ ఉందా? ఇంట్లో గోడలు పగలగొట్టే పనులేమైనా జరుగుతున్నాయా? ఈ ఫంగస్ బీజాలు గాలిలో, దుమ్ములో ఉంటాయట. అందరం రోజూ పీలుస్తూనే ఉంటాం, మనల్ని కాచేది తెల్ల రక్తకణాలే. కీమో వల్ల వాటిలో న్యూట్రోఫిల్స్ అనే రకం మైక్రోలీటరు రక్తానికి 500 కంటే తగ్గి, 10 రోజులు దాటినా కోలుకోకపోతే ముప్పు చాలా ఎక్కువని ఆయన వివరించారు. గుండె లయలో తేడా ఉండటంతో ముందుజాగ్రత్తగా ఇచ్చే పోసకొనజోల్ అనే ఫంగస్ మందు తమ్ముడికి ఇవ్వలేకపోయారు. అందుకే వారానికి రెండుసార్లు రక్తంలో ఈ ఫంగస్ జాడను వెతికే గెలాక్టోమన్నన్ పరీక్ష చేయించారు.

ఇక నర్సు గారి గురించి ఎంత చెప్పినా తక్కువే. యాంటీబయాటిక్స్ పడుతున్నా జ్వరం దిగలేదు, ఎక్స్‌రే మాత్రం మామూలుగానే ఉంది. ఊపిరి తీసుకున్నప్పుడు ఛాతీలో పొడుస్తోందని తమ్ముడు గొణిగిన మాటను ఆమె పట్టించుకున్నారు, రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరుకు వెంటనే చెప్పారు. ఆ రాత్రే సీటీ స్కాన్ తీశారు. ఎక్స్‌రేలో కనబడని మచ్చ, దాని చుట్టూ మసక వలయం అందులో కనిపించాయి. న్యూట్రోఫిల్స్ పడిపోయిన రోగిలో ఆ వలయం ఈ ఫంగస్‌ను అనుమానించాల్సిన గుర్తు. గెలాక్టోమన్నన్ కూడా పాజిటివ్ వచ్చింది. గుండె లయను దృష్టిలో పెట్టుకుని ఐసావుకొనజోల్ అనే మరో ఫంగస్ మందు మొదలుపెట్టారు.

మేము ముఖమైనా చూడని ల్యాబ్ సిబ్బందికి, మందుల మధ్య పొసగనివి ఏవో సరిచూసిన ఫార్మసిస్టు గారికి ప్రత్యేకంగా నమస్కారాలు. ఇలాంటివారి పేర్లు డిశ్చార్జి కాగితాల్లో ఉండవు, ఉండాలని నా కోరిక.

కీమో తీసుకుంటున్నవారి కుటుంబాలకు ఒక విన్నపం. మన రోగికి ఫంగస్ ముప్పు ఎంత ఉందని మీ డాక్టరును ముందే అడగండి. క్యాన్సర్ లేకపోయినా, పెద్ద పొట్ట ఆపరేషన్ తర్వాత ఐసీయూలో ఉండి, మెడ దగ్గర పెద్ద రక్తనాళంలో పెట్టే గొట్టం (సెంట్రల్ లైను)తో ఎక్కువ రోజులు యాంటీబయాటిక్స్ వాడుతున్నవారికి క్యాండిడా అనే మరో ఫంగస్ వల్ల ప్రమాదం ఉంటుంది. అది రక్తపు కల్చర్‌లో (రక్తంలోని క్రిములను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో) చాలాసార్లు బయటపడదు.

ఒకసారి వచ్చిన ఇన్ఫెక్షన్ మళ్లీ కణాలు పడిపోయినప్పుడు తిరగబెట్టవచ్చు కాబట్టి, తర్వాతి విడత కీమోలోనూ తమ్ముడికి ఈ మందు కొనసాగిస్తారు. అదే బృందం చేతుల్లో ఉన్నాడన్నదే మాకు కొండంత ధైర్యం.