సార్క్‌ను మళ్లీ కూర్చోబెట్టండి: విదేశాంగ మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన విదేశాంగ శాఖ మంత్రి శ్రీ ఎస్. జైశంకర్ గారికి,

నమస్కారాలు.

మన దేశం, పాకిస్తాన్ సహా ఎనిమిది దక్షిణాసియా దేశాల సంఘమైన సార్క్ దేశాధినేతలు ఆఖరిసారి శిఖరాగ్ర సమావేశంలో కూర్చున్నది 2014 నవంబర్‌లో, కాఠ్మాండూలో. ఆ తర్వాత ఎందుకు కూర్చోలేదో, ఎవరు ఏమన్నారో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. పాకిస్తాన్ జైళ్లలో ఉన్న మత్స్యకారులను విడిపించమని మా ఊళ్లవాళ్లు సంతకాలు పెట్టి పంపిన అర్జీలు ఎక్కడ ఆగిపోయాయో తెలియదు. అందుకే ఇలా నలుగురి ముందూ రాస్తున్నాను. తప్పుగా అనుకోకండి.

2015 మార్చిలో, విదేశాంగ కార్యదర్శిగా ఉన్నప్పుడు, సార్క్ యాత్ర పేరిట మీరే థింపూ, ఢాకా, ఇస్లామాబాద్, కాబూల్ వెళ్లారు. అది చూసి ఆశపడినవాళ్లలో నేనూ ఒకణ్ణి. అంతకుముందు ఏడాది ప్రధానమంత్రి తన ప్రమాణ స్వీకారానికి సార్క్ నాయకులందరినీ పిలిచారు. కొద్ది రోజులకే మన శ్రీహరికోటలో నిలబడి, పొరుగు దేశాలకు కానుకగా ఒక సార్క్ ఉపగ్రహం చేసిపెట్టమని శాస్త్రవేత్తలను అడిగారు. 2017 మే 5న ఆ ఉపగ్రహం అక్కడి నుంచే పైకి వెళ్లింది. మధ్యలో పాకిస్తాన్ మాకొద్దంది. పేరు దక్షిణాసియా ఉపగ్రహంగా మారింది తప్ప పని ఆగలేదు.

నేను అడగాలనుకున్నది ఇక్కడే ఉంది సార్. పాకిస్తాన్ కాదంటే పని ఇంకో దారి వెతుక్కుంటుంది. కాఠ్మాండూ సమావేశంలో, వాహనాలు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి తిరిగేందుకు పెట్టిన మోటారు వాహనాల ఒప్పందానికి ఆ దేశం అడ్డుపడితే, 2015 జూన్‌లో థింపూలో మనమూ బంగ్లాదేశ్, భూటాన్, నేపాల్ కలిసి విడిగా సంతకాలు చేశాం. (భూటాన్ పార్లమెంటు దాన్ని తర్వాత ఆమోదించలేదు, అది వేరే కథ.) కానీ మనం కాదంటే మొత్తం ఆగిపోతుంది. 2016లో ఉరీ సైనిక శిబిరం మీద ఉగ్రదాడి తర్వాత ఇస్లామాబాద్ రాలేమని చెప్పాం. బంగ్లాదేశ్, భూటాన్, అఫ్గానిస్తాన్ కూడా రామన్నాయి. ఇస్లామాబాద్‌లో జరగాల్సిన 19వ శిఖరాగ్ర సమావేశం అలా నిలిచిపోయింది. 2019 ప్రమాణ స్వీకారానికి సార్క్ బదులు బిమ్‌స్టెక్ (బంగాళాఖాతం చుట్టుపక్కల దేశాల సంఘం) నాయకులకు పిలుపు వెళ్లింది. అప్పటినుంచి మాటలన్నీ బిమ్‌స్టెక్ చుట్టూనే. ఎనిమిది దేశాల జనాభాలో దాదాపు నాలుగింట మూడు వంతులు మనమే ఉన్నాం. సార్క్ ఎటు నడవాలన్నా, అసలు నడవాలా వద్దా అన్నా, ఢిల్లీలో తేలాల్సిందే.

ఇంత బరువున్న దేశం ఆ బరువును తలుపు మూసి ఉంచడానికే వాడితే ఎలా?

ఉరీ తర్వాత తీసుకున్న నిర్ణయం తప్పని నేను అనడం లేదు. పహల్గాం ఉగ్రదాడిలో చనిపోయిన 26 మందిలో మన ఆంధ్రావాళ్లూ ఉన్నారు. ఆ కోపం మాకూ ఉంది. కానీ ఇస్లామాబాద్ వెళ్లకపోవడం వేరు, సార్క్ సచివాలయం ఉన్న కాఠ్మాండూలో కూడా కూర్చోకపోవడం వేరు. రెండు దేశాల మధ్య గొడవలు, వివాదాలు సార్క్‌లో చర్చకు రాకూడదని దాని చార్టర్ (నియమావళి) పదో అధికరణంలో పట్టుబట్టి పెట్టించింది మనమే. అది మంచి పనే. మరి చర్చలోకే రాకూడదన్న ఆ గొడవ ఇవాళ చర్చలే లేకుండా చేసింది కదా!

ఇక మా బాధ చెబుతాను, ఓపిగ్గా చదవండి.

శ్రీకాకుళం తీరంలో వేట మీద బతికే ఇళ్లలో మగవాళ్లు ఏటా వానాకాలంలో గుజరాత్‌లోని వెరావల్‌కు వలస పోతారు. ఇక్కడ సరైన హార్బర్ లేక, చేతిలో అడ్వాన్స్ పడితే అప్పు తీరుతుందని పోతారు. అక్కడ ఎవరివో బోట్లెక్కి, తండేలు (బోటు నడిపే పెద్ద) ఎటు తిప్పితే అటు పోతారు. గుజరాత్‌కూ పాకిస్తాన్‌కూ మధ్య ఉన్న సర్ క్రీక్ దగ్గర సముద్రంలో సరిహద్దు ఎక్కడో రెండు ప్రభుత్వాలే ఇంతవరకు తేల్చుకోలేదు. చేప దొరికే చోటికి వల పోతుంది, వల వెనకే బోటు పోతుంది. 2018 నవంబర్‌లో అలా పోయిన 22 మంది ఆంధ్రా మత్స్యకారులను పాకిస్తాన్ పట్టుకుని కరాచీ జైల్లో పెట్టింది. 2020 జనవరి 6న వాఘా దగ్గర 20 మందిని అప్పగించారు. మిగిలిన ఇద్దరి ఇళ్లలో ఆ రోజు కూడా ఎదురుచూపే.

మనిషి జైల్లో ఉన్నంతకాలం ఇంట్లో జరిగేది ఏ ఫైల్లోనూ ఉండదు సార్. మనిషి బతికే ఉన్నాడా అన్న టెన్షన్ ఒకవైపు, అడ్వాన్స్ తాలూకు అప్పు ఒకవైపు. కబురు తెచ్చేవాడు లేడు. భార్య ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఊళ్లో పెద్దల దగ్గరికి, ఎమ్మెల్యే దగ్గరికి, కలెక్టర్ దగ్గరికి. ప్రతిచోటా చెప్పే మాట ఒకటే: ఇది రెండు దేశాల విషయమమ్మా, మా చేతుల్లో లేదు. మరి ఎవరి చేతుల్లో ఉంది? శిక్ష పూర్తయి, ఏ దేశస్థుడో ఖాయమయ్యాక నెలలోపు వదిలేయాలని 2008లో రెండు దేశాలూ ఒప్పందం రాసుకున్నాయి. 2025 జూలై 1న పాకిస్తాన్ ఇచ్చిన జాబితాలో 193 మంది భారతీయ మత్స్యకారులున్నారు. శిక్ష పూర్తయినా అక్కడే ఉన్న మత్స్యకారులు, ఇతర ఖైదీలు కలిపి 159 మందిని వెంటనే విడుదల చేయాలని మీ శాఖే అడిగింది. అంటే రాసుకున్న ఒప్పందం అమలవడం లేదని మీకూ తెలుసు. ఖైదీల సంగతి చూడటానికి వేసిన రెండు దేశాల న్యాయమూర్తుల కమిటీ 2013 అక్టోబర్ తర్వాత జైళ్లకు వెళ్లినట్టు మేం వినలేదు. మన జైళ్లలోనూ పాకిస్తాన్ మత్స్యకారులున్నారు. వాళ్ల ఇళ్లలోనూ ఆడవాళ్లు ఇలాగే ఏడుస్తుంటారు.

ఇది ఇండియా, పాకిస్తాన్ల గొడవ, సార్క్‌కు సంబంధం లేదు అంటారేమో. దయచేసి అలా అనకండి. రామేశ్వరం వాళ్లను శ్రీలంక నేవీ పట్టుకుంటోంది. బెంగాల్ వాళ్లు బంగ్లాదేశ్‌కు చిక్కుతున్నారు, అక్కడివాళ్లు మనకు చిక్కుతున్నారు. 2025 జనవరిలో మన 95 మంది, వాళ్ల 90 మంది చేతులు మారారు. ఒకే కష్టం మూడు సరిహద్దుల్లో ఉంటే అది ఇద్దరి మధ్య తగాదా ఎలా అవుతుంది? మూడుచోట్లా మనమే ఒకవైపు ఉన్నాం. దారి తప్పిన బోటును ఎలా వెనక్కి పంపాలి, ఎన్ని రోజుల్లో మనిషిని వదలాలి, బోటును ఏం చేయాలి అని అందరికీ కలిపి ఒక పద్ధతి రాయమని అడగగలిగిన దేశం మనదొక్కటే.

దీనికి బిమ్‌స్టెక్ సరిపోదు. అందులో పాకిస్తాన్, మాల్దీవులు, అఫ్గానిస్తాన్ లేవు. అది బంగాళాఖాతం సంఘం, మావాళ్లు పట్టుబడుతున్నది అరేబియా సముద్రంలో. 1997లో పుట్టిన ఆ సంఘానికి చార్టర్ రావడానికే 2022 దాకా పట్టింది. దాన్ని వద్దని కాదు, ఒకదాని కోసం ఇంకోదాన్ని ఎండగట్టొద్దని మా విన్నపం.

ఉగ్రవాదం సంగతి కూడా సార్క్‌లోనే అడగొచ్చు కదా సార్. 1987లో కాఠ్మాండూలో ఉగ్రవాదాన్ని అణచాలని రాసుకున్న సార్క్ ఒప్పందం మీద పాకిస్తాన్ సంతకం ఉంది. చిన్న దేశాలన్నీ ఉన్నచోట ఆ సంతకం చూపించి నిలదీస్తే మనకే బలం. మనం లేని గదిలో ఇంకొకరు కూర్చుంటున్నారు. 2025 జూన్‌లో కున్మింగ్‌లో చైనా, పాకిస్తాన్, బంగ్లాదేశ్ అధికారులు కలిశారు. సార్క్‌కు చైనా పరిశీలక దేశం మాత్రమే. దక్షిణాసియా గురించి మాట్లాడే చోటు అటు జరుగుతుంటే మీకు తెలియకుండా ఉంటుందా?

మనం అనుకుంటే అవుతుందని 2020 మార్చి 15న అందరం చూశాం. కరోనా కోసం ప్రధానమంత్రి పిలిస్తే సార్క్ దేశాలన్నీ వీడియోలో కూర్చున్నాయి. పాకిస్తాన్ కూడా వచ్చింది. మనం కోటి డాలర్లతో నిధి మొదలుపెట్టాం. ఆ రోజు ఇస్లామాబాద్ వెళ్లాల్సిన అవసరం రాలేదు, సమావేశానికి అధ్యక్షుడు ఎవరన్న పేచీ రాలేదు. రోగానికి కూర్చున్నవాళ్లు మనుషుల విడుదలకు కూర్చోలేరా?

శిఖరాగ్ర సమావేశం రేపే పెట్టమని అడగడం లేదు. ముందు అధికారుల స్థాయిలోనైనా కాఠ్మాండూ సచివాలయంలో కూర్చోబెట్టండి. మొదటి విషయంగా మత్స్యకారుల సంగతి పెట్టండి. న్యాయమూర్తుల కమిటీని మళ్లీ జైళ్లకు పంపండి. అదీ కుదరకపోతే, శిక్ష పూర్తయినవాళ్లనైనా తెప్పించండి. ఎన్నిసార్లు రాసినా మేం అడిగేది ఇదే: కూర్చోబెట్టండి, మాట్లాడండి, మావాళ్లను తెప్పించండి. కుదరదంటే ఎందుకు కుదరదో రెండు వాక్యాల్లో జవాబు రాయండి. దాన్ని మా తీరంలో ఊరూరా చదివి వినిపిస్తాను.

ఇట్లు,
ఎచ్చెర్ల మండల తీరవాసి,
శ్రీకాకుళం జిల్లా