శీఘ్రస్ఖలన నిర్ధారణ ప్రకటనల పని కాదు

సంపాదకులకు నమస్కారాలు.

పత్రికల క్లాసిఫైడ్లలోనూ, బస్టాండు గోడల మీదా శీఘ్రస్ఖలనాన్ని 'నరాల బలహీనత', 'మగతనం లోపం' అంటూ ప్రచారం చేస్తున్న తీరు చూసి ఈ లేఖ రాస్తున్నాను. వాటిని చదివిన యువకులు, అందులోనూ కొత్తగా పెళ్ళయినవారు, లేని జబ్బును తమకు తామే అంటగట్టుకుని, లాడ్జి గదుల్లో దిగే నకిలీ వైద్యులకు వేలకు వేలు సమర్పించుకుంటున్నారు.

ఈ సమస్యకు వైద్యశాస్త్రంలో స్పష్టమైన నిర్వచనం ఉంది. అంతర్జాతీయ లైంగిక వైద్య సంఘం నిపుణులు 2014లో ప్రకటించిన నిర్వచనం ప్రకారం, తొలి కలయిక నుంచీ దాదాపు ప్రతిసారీ, అంగప్రవేశానికి ముందే గానీ, తర్వాత సుమారు ఒక్క నిమిషంలో గానీ స్ఖలనం జరిగిపోవాలి. లేదా అంతవరకు ఏ ఇబ్బందీ లేనివారిలో ఆ వ్యవధి బాగా తగ్గి, తరచూ మూడు నిమిషాలు లేదా అంతకంటే తక్కువకు పడిపోవాలి. అంతమాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. స్ఖలనాన్ని ఆపుకోలేకపోవడం, దానివల్ల మనోవేదనకు గురికావడం, భార్యకు దూరంగా మసలడం వంటి పరిణామాలు కూడా తోడైతేనే అది జబ్బు. ఎప్పుడో ఒకసారి, అలసటలోనో ఆందోళనలోనో జరిగినది ఈ లెక్కలోకి రాదు. అంగప్రవేశం నుంచి స్ఖలనం వరకు పట్టే సమయాన్ని ఐదు దేశాల్లో సుమారు 500 జంటలు స్టాప్‌వాచ్‌తో నమోదు చేయగా 2005లో వెలువడిన అధ్యయనంలో మధ్యస్థ వ్యవధి 5.4 నిమిషాలే. గంటల కొద్దీ సామర్థ్యం ఇస్తామనే ప్రకటనలు ఎంతటి అబద్ధాలో దీన్నిబట్టే తెలుస్తుంది.

నిర్ధారణకు ముఖ్యంగా కావలసింది ఓపికగా వినే వైద్యుడు. సమస్య ఎప్పుడు మొదలైంది, ప్రతిసారీ ఉందా, అంగస్తంభన సరిగా ఉందా అని అడగాలి. వీలైతే భార్యతోనూ మాట్లాడాలి. స్తంభన నిలవదేమోనన్న భయంతో తొందరపడే వ్యక్తికి ముందు చికిత్స చేయవలసింది ఆ స్తంభన లోపానికే. మధ్యలో మొదలైన సమస్య అయితే థైరాయిడ్ అతిగా పనిచేయడం, ప్రోస్టేట్ వాపు వంటి కారణాలను వెతకాలి. వీర్యపరీక్ష సంతాన సామర్థ్యం గురించి చెబుతుందే తప్ప దీన్ని తేల్చలేదు. అయినా ఈ నకిలీ వైద్యులు ముందుగా చేయించేది ఆ పరీక్షే.

లైంగిక సామర్థ్యాన్ని పెంచుతామని మందులను ప్రచారం చేయడాన్ని 1954 నాటి మందులు, మాయ చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం నిషేధించింది. ప్రచురణలో పాలుపంచుకున్నవారూ దాని పరిధిలోకి వస్తారు. కాబట్టి మీ పత్రికలో ఇలాంటి ప్రకటనలను పూర్తిగా నిలిపివేసి, మీ ఆరోగ్య పేజీలో యూరాలజిస్టు చేత గానీ మానసిక వైద్యుల చేత గానీ పై నిర్వచనాన్ని వివరంగా రాయించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, తెనాలి