తప్పు మేకది కాదండి, మీ మిషన్‌ది

సర్వీసు మేనేజర్ గారికి,

నమస్కారమండి. ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడూ చదివినట్టు లేరు కాబట్టి మళ్ళీ మొదట్నుంచీ చెప్తాను.

మాది అమలాపురంలో ఓ డిగ్రీ కాలేజీ. మీ దగ్గర కొన్న స్పెక్ట్రోఫొటోమీటర్, అదే, ద్రావణం ఏ రంగు వెలుగుని ఎంత పీల్చుకుందో గీత గీసి చూపించే మిషన్, దాని గురించే నా గోలంతా. ఆదివారం వేట మాంసం కొట్టు దగ్గర గడ్డకట్టకుండా సిట్రేట్ వేసిన సీసాలో మేక రక్తం పట్టించుకొచ్చి, సోమవారం పిల్లలతో అందులోని హిమోగ్లోబిన్ స్పెక్ట్రం, అంటే ఆ గీత, తీయిస్తాం. హిమోగ్లోబిన్ ఆక్సిజన్ పట్టుకుని ఉంటే 415 నానోమీటర్ల (వెలుగు తరంగదైర్ఘ్యం కొలత) దగ్గర పెద్ద పీక్, అదే సోరే బ్యాండ్, 541, 577 దగ్గర రెండు చిన్న మూపురాలు రావాలి. ఆక్సిజన్‌ని లాగేసే డైథయొనైట్ పొడి చిటికెడు వేస్తే క్యూవెట్‌లో (మిషన్లో పెట్టే చిన్న గాజు గొట్టం) ఎరుపు కాస్తా వంకాయ రంగుకి తిరిగి, ఆ రెండు మూపురాలూ 555 దగ్గర ఒక్కటైపోతాయి, పెద్ద పీక్ 430కి జరుగుతుంది. హిమోగ్లోబిన్‌లో రంగునిచ్చే హీమ్ నడుమ ఇనుము దేన్ని పట్టుకుందో, దేన్ని వదిలిందో పిల్లలకి చూపించడానికి నాకున్నది ఆ గీతే. మీ మిషన్ జూలై నుంచి అన్నిటినీ 9 నానోమీటర్లు పక్కకి జరుపుతోంది. 424 వస్తే ఆక్సిజన్ ఉన్నట్టా, లేనట్టా? సరే, మిషన్లన్నాక పాడవుతాయి, దానికి నాకు కోపం లేదు.

మొదటిసారి ఒకమ్మాయి సీరియల్ నంబరు రాసుకుని రెండ్రోజుల్లో ఫోన్ వస్తుందంది. నాలుగో రోజు మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కారమైంది, మాకు ఎన్ని స్టార్లు ఇస్తారు అని. రెండోసారి టెక్నికల్ ఆయన ఆపి మళ్ళీ ఆన్ చేయమన్నాడు, చేశాను. "బ్లడ్ మార్చి చూడండి" అన్నాడు. మేకని మార్చమంటాడేంటండీ! ఆ ముచ్చటా తీరాలని హోల్మియం గాజు ఫిల్టర్ (పీకులు ఎక్కడ రావాలో ముందే తెలిసిన, మిషన్ని పరీక్షించే గాజుబిళ్ళ) పెట్టి చూశాను. అందులో రక్తమూ లేదు, మేకా లేదు. 536 దగ్గర రావాల్సిన పీక్ 545 దగ్గర వచ్చింది. ఆ పీడీఎఫ్ పంపితే "మీ ఫోటో స్పష్టంగా లేదు" అని జవాబు.

మూడోసారి ఇంజినీరు బయల్దేరాడన్నారు. ల్యాబ్ తుడిపించి, ఆత్రేయపురం పూతరేకులు కూడా తెప్పించి ఉంచాను (వచ్చినవాణ్ణి ఉత్తి నోటితో పంపే అలవాటు మాకు లేదు). మూడింటికి రావులపాలెంలో ఉన్నానన్నాడు. ఆరింటికి చేస్తే వెనక్కి రాజమండ్రి దాటేశాడట, కాల్ క్లోజైనట్టు చూపిస్తోందట. రావులపాలెం దాకా వచ్చింది అరటిగెల కొనుక్కోడానికేమో మరి.

పద్నాలుగేళ్ళుగా క్యూవెట్ నుంచి బల్బు దాకా అన్నీ మీ దగ్గరే కొన్నాం. పక్క కాలేజీ వాళ్ళు వేరే కంపెనీది తీసుకుంటామంటే ఆపిన వెర్రివాణ్ణి నేనే. గోదావరి పుష్కరాలు మళ్ళీ 2027లోనట, ఆ జనంలో మీ ఇంజినీరు కూడా వస్తాడని అప్పటిదాకా ఆగమంటారా?

వచ్చే నెల ప్రాక్టికల్స్. శనివారంలోపు మనిషి రాకపోతే ఈ ఉత్తరాలన్నీ వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాయి, మిషన్ ఆటోలో మీ ఆఫీసు గుమ్మం ముందు దిగుతుంది, కిరాయి మీదే. ఫోన్ చేస్తే మాత్రం సీరియల్ నంబరు అడక్కండి, ఇప్పటికి ఏడుసార్లు చెప్పాను.

ఇట్లు,
కెమిస్ట్రీ లెక్చరర్