జూన్ వద్దు బావా, అక్టోబర్‌లో రా

లియోన్,
నవంబర్ నెలాఖరు

ఒరేయ్ బావా,

నువ్వు పంపిన టూర్ ప్లాన్ చూశాను. జూన్ నెలలో పది రోజులు, ఆరు దేశాలు, అందులో మా ఫ్రాన్స్ వాటా రెండు రాత్రులు. ఐఫిల్ టవర్ కింద ఫోటో, మోనాలిసా ముందు తోపులాట, రాత్రికి బస్సు దింపిన చోట పప్పూ జీరా రైసూ. నీ డబ్బు, నీ ఇష్టం, కాదనను. కానీ చెల్లెమ్మ సంగతి నాకు తెలుసు. ఏ ఊరు వెళ్లినా ముందు అక్కడి కూరగాయల మార్కెట్ ఎక్కడని అడిగే మనిషి. తనని ఇంత దూరం తీసుకొచ్చి బస్సులో కూర్చోబెడతావా? ఈ ఉత్తరం తనకి కూడా చదివి వినిపించు. నేను చెప్పేది ఒకటే. జూన్ మానేసి అక్టోబర్‌లో రండి. పారిస్‌లో విమానం దిగి నేరుగా మా ఊరు వచ్చేయండి, రైల్లో రెండు గంటలు.

ఇక్కడి ఎండాకాలం మనకేం కొత్తరా? లియోన్‌లో జూలైలో 35 డిగ్రీలు దాటడం మామూలైపోయింది. చాలా ఇళ్లల్లో ఏసీ ఉండదు. ఆగస్టు వస్తే మా వీధి బేకరీతో సహా చాలా కొట్లు తాళాలేసుకుంటాయి, జనమంతా సముద్రం వైపు పోతారు. ఈ దేశం నిజంగా తిండికి కూర్చునేది సెప్టెంబర్ దాటాకే. అప్పటికి ద్రాక్ష కోతలు అయిపోతాయి. అడవిలో పుట్టగొడుగులు లేస్తాయి, చెస్ట్‌నట్లు రాలతాయి, కొండల మీదికి మేతకెళ్లిన ఆవులు దిగొస్తాయి. ఒక్కో వారం ఒక్కో ఊరివాళ్లు ఏదో ఒక తిండి పేరు చెప్పి పండగ చేసుకుంటారు. దాంతో ఈ సీజన్‌లో శని, ఆదివారాలు మేం ఇంట్లో ఉన్నది తక్కువే.

మా ఇద్దరి పద్ధతీ నీకు తెలుసుగా. పాత గోడ కనిపిస్తే దాని మీద ఫలకం మొత్తం చదివితే గానీ నేను కదలను. మా ఆవిడకి అంతలో ఆకలేస్తుంది. అందుకని ఒప్పందం చేసుకున్నాం. ఊరు తను ఎంచుతుంది, అక్కడ ఏం తినాలో చూసుకుని. ఆ ఊళ్లో గుడో కోటో నేను వెతుక్కుంటాను. ఈ ఏడు దీనికి తోడు దీపావళి అక్టోబర్ 20నే వచ్చేసింది, ఆ వెంటనే కార్తీక మాసం, నెల్లాళ్లు ఇంట్లో నీచు బంద్. తను సెప్టెంబర్‌లోనే క్యాలెండర్ తీసి తేల్చేసింది: "ముందు కోడి, తర్వాత చీజ్."

కోడి అంటే మామూలు కోడి కాదు, బ్రెస్ కోడి. లియోన్ నుంచి గంట దూరంలో బూర్గ్ ఆన్ బ్రెస్ అనే ఊరుంది. ఆ చుట్టుపక్కల పెరిగే కోడికి తప్ప ఆ పేరు ఇంకెవరూ పెట్టకూడదని 1957లోనే చట్టం చేశారు. తెల్లటి ఈకలు, నెత్తిన ఎర్రటి జుట్టు, నీలం కాళ్లు. ఫ్రాన్స్ జెండా రంగులు మూడూ దాని ఒంటి మీదే ఉన్నాయని వీళ్లకి మహా గర్వం. ఒక్కో కోడికి కనీసం పది చదరపు మీటర్ల పచ్చిక ఉండాలి. మొక్కజొన్న, పాలు పెట్టి పెంచుతారు. పెంచిన రైతు ఎవరో తెలిసేలా కాలికి రింగు ఉంటుంది. మన దగ్గర ఏ కోడిని కోసినా బోర్డు మీద నాటుకోడే కదా! నీకు గుర్తుందా, హైవే పక్కన మనం తిన్న ఆ నాటుకోడి పులుసు? దాని కాలికి రింగు ఉంటే బాగుండేది.

వండే తీరు మాత్రం మనకి షాకే. కారం లేదు, మసాలా లేదు. వెన్న, మీగడ, మోరెల్ అని ముడతలు ముడతలుగా ఉండే పుట్టగొడుగులు. అంతే. ప్లేటు వచ్చాక నేను బ్యాగులో కారప్పొడి కోసం చెయ్యి పెడుతుంటే మా ఆవిడ కళ్లతోనే ఆపేసింది. నాలుగు ముక్కలు తిన్నాక నాకే దాని అవసరం కనిపించలేదు. కండ గట్టిగా ఉంటుంది, నమిలేకొద్దీ రుచి వస్తుంది, ఆ మీగడ సాస్ మీద తెల్లన్నం పెట్టిస్తారు కాబట్టి చెల్లెమ్మకీ ఇబ్బంది లేదు. ధర మాత్రం రూపాయల్లోకి మార్చుకోకు, గొంతు దిగదు.

తిన్నాక నా వంతు. ఊరి చివర బ్రూ అనే పాత మఠం ఉంది. దీని కథ నీకు చెప్పాలి. మార్గరెట్ అని ఆస్ట్రియా రాజవంశపు పిల్ల. ఫ్రాన్స్ రాజుకి ఇస్తామని చిన్నప్పుడే ఇక్కడికి తెచ్చి పెంచారు. ఆ రాజు ఇంకొకరిని చేసుకోవడంతో వెనక్కి పంపేశారు. తర్వాత స్పెయిన్ యువరాజుతో పెళ్లి చేస్తే ఆరు నెలలకే అతను పోయాడు. 1501లో సవోయ్ ప్రాంతాన్ని ఏలే డ్యూక్ ఫిలిబేర్‌ని చేసుకుంది, ఇద్దరూ 1480లోనే పుట్టినవాళ్లు. మూడేళ్లు తిరక్కుండా ఒకరోజు వేటలో అలసిపోయి చన్నీళ్లు తాగాడట, జబ్బు చేసి 24 ఏళ్లకే పోయాడు. ఇక పెళ్లే వద్దంది ఆవిడ. నెదర్లాండ్స్‌కి పాలకురాలిగా వెళ్లి, అక్కడి నుంచే డబ్బూ శిల్పుల్నీ పంపి ఇది కట్టించింది. 1506లో మొదలైన పని 1532లో పూర్తయింది. ఆవిడ 1530లోనే పోయింది.

లోపల భార్యాభర్తల సమాధులు రెండంతస్తులవి. పై అంతస్తులో రాచదుస్తులతో పడుకున్న పాలరాతి విగ్రహాలు, కింద అదే మనుషులు ఆర్భాటమేమీ లేకుండా. కింద మార్గరెట్ జుట్టు విరబోసుకుని, ఒట్టి కాళ్లతో ఉంటుంది. నడుమ ఫిలిబేర్, అటు తల్లి, ఇటు భార్య. పైనున్న విగ్రహంలో అతని జోడించిన చేతులు తల్లి వైపు, మొహం భార్య వైపు తిప్పి చెక్కారు. ఇది విని మా ఆవిడ నా వైపు ఒక చూపు చూసిందిరా... అయిదొందల ఏళ్ల కిందటి శిల్పికి మన ఇళ్ల గొడవలు ఎలా తెలిశాయో!

ఆన్సీ సంగతి చెబుతాను. అది ఆల్ప్స్ కొండల అంచున, సరస్సు ఒడ్డున ఉన్న ఊరు. మా ఊరి నుంచి రైల్లో రెండు గంటలు. ఏటా అక్టోబర్ రెండో శనివారం అక్కడ ఆవుల పండగ. ఎండాకాలమంతా కొండ మీద మేసిన ఆవుల్ని, మేకల్ని, గొర్రెల్ని పాత ఊరి సందుల్లోంచి ఊరేగిస్తారు. కొమ్ముల మధ్య పూలు, మెడలో పెద్ద పెద్ద గంటలు. మనవాళ్లు కనుమకి చేసేదే కదా అనిపించింది నాకు. జనం మాత్రం తిరునాళ్ల జనమే, ముందు వరసలో నిలబడాలంటే పొద్దున్నే చేరాలి. దారి పొడుగునా బట్టీలు, చీజ్ బల్లలు, అప్పటికప్పుడు పిండిన యాపిల్ రసం.

ఆ సరస్సు నీళ్లు చూస్తే తాగబుద్ధేస్తుంది. ఒకప్పుడు చుట్టూ ఉన్న ఊళ్ల మురుగంతా అందులోకే పోయేదట. 1957లో ఆ ఊళ్లన్నీ సంఘంగా ఏర్పడి, మురుగు సరస్సులోకి దిగకుండా చుట్టూ పైపులు వేయించాయి. హుస్సేన్ సాగర్ పక్కన కూర్చుని ఇది చదివితే నీకు కోపం రావచ్చు.

అక్కడి చీజ్ రెబ్లోషాన్. దీని పుట్టుక మీద ఒక కథ చెబుతారు. పూర్వం భూస్వామికి పాల లెక్కన పన్ను కట్టాలి. లెక్క చూసేవాడు వచ్చినప్పుడు రైతులు సగం పితికి ఆపేసేవాళ్లు. అతను వెళ్లాక మళ్లీ పితికితే వచ్చేవి చిక్కటి పాలు, ఆ పాలతో చేసిందే ఈ చీజ్. పన్ను ఎగ్గొట్టి తిన్న తిండికి రుచి ఎక్కువేమో మరి! బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, పంది మాంసం ముక్కల మీద దీన్ని పరిచి ఓవెన్‌లో పెడితే టార్టిఫ్లెట్. తాతల నాటి వంటలా కనిపిస్తుంది గానీ, ఈ చీజ్ అమ్మకాలు పెంచడానికి 1980లలో ప్రచారంలోకి తెచ్చిన వంట అది. మాకు మాంసం బదులు పుట్టగొడుగులు వేసినది దొరికింది. తిన్న తర్వాత సరస్సు చుట్టూ సైకిల్ తొక్కుదామని ప్లాన్. బెంచీ మీంచి లేవలేకపోయాం.

కార్తీక మాసంలో ఊళ్లు తిరగడం తగ్గించి ఇంట్లోనే రాక్లెట్ పెట్టుకున్నాం. టేబుల్ మధ్యలో చిన్న మిషన్, ఎవరి చీజ్ వాళ్లు కరిగించుకుని ఉడికించిన దుంపల మీద ఒంపుకోవడమే. చాలా చీజ్‌ల తయారీలో పాలు గడ్డకట్టడానికి దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ వాడతారని ఎవరో అంటే, "పాలవరకే నా లెక్క, మిగతాది ఆ శివుడు చూసుకుంటాడు" అంది మా ఆవిడ. నేనూ ఊరుకున్నాను.

వనభోజనాలకి ఇక్కడి తెలుగువాళ్లం నాలుగైదు కుటుంబాలు తెత్ డోర్ పార్కులో కలిశాం. 1857లో తెరిచిన పెద్ద పార్కు, వంద హెక్టార్ల పైనే, లోపల చెరువు, టికెట్ లేని జూ. ఉసిరి చెట్టెక్కడ దొరుకుతుంది? ఉసిరికాయ పచ్చడి జాడీ మధ్యలో పెట్టుకుని చుట్టూ కూర్చున్నాం. ఎనిమిది డిగ్రీల చలి, పొగమంచులో చెరువే కనపడలేదు, గ్లోవ్స్ తీసి పులిహోర కలుపుకుంటుంటే వేళ్లు కొంకర్లు పోయాయి. కానీ ఆ రోజు హీరో దప్పళం బావా. ఇక్కడ పోటిమారోన్ అని ఎర్రటి చిన్న గుమ్మడి వస్తుంది, తొక్క తీయక్కర్లేదు, కొంచెం చెస్ట్‌నట్ రుచి. చింతపండు పులుసులో అది పడితే మన తీపి గుమ్మడిని మర్చిపోతావు. చెల్లెమ్మకని మా ఆవిడ గింజలు ఎండబెట్టి ఉంచింది.

మార్కెట్ గురించి తనకి ప్రత్యేకంగా చెప్పు. సోన్ నది ఒడ్డున సెయింట్ ఆంత్వాన్ గట్టు మీద సోమవారం తప్ప రోజూ పొద్దున్నే ఉంటుంది. అక్టోబర్‌లో గ్రెనోబుల్ అక్రోట్లు, ఆర్దెష్ చెస్ట్‌నట్లు, బుట్టల నిండా సెప్ పుట్టగొడుగులు. అడవిలో సొంతంగా పుట్టగొడుగులు ఏరుకునేవాళ్లు తినేముందు మందుల షాపుకి పట్టుకెళ్లి చూపిస్తారు తెలుసా? ఫార్మసీ చదువులో విషపు పుట్టగొడుగుల్ని గుర్తుపట్టడం ఒక పాఠం. అందరూ చూసిపెట్టరు గానీ, పాతకాలపు ఫార్మసిస్టులు బుట్ట తిరగేసి మరీ చెబుతారు.

నెలాఖరుకి మార్కెట్ అంతా చామంతి కుండీలే. నవంబర్ 1న అందరూ సమాధుల మీద పెడతారు. మా ఆవిడ పూజకని రెండు కుండీలు తెచ్చి బాల్కనీలో పెడితే, పక్కింటి ముసలావిడ తలుపు కొట్టి ఎవరు పోయారని అడిగింది. సోమవారం పూజ సంగతి చెబితే శ్రద్ధగా విని, "మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు మాత్రం గులాబీలు తెండి" అంది.

ఇక నువ్వు ఎదురుచూస్తున్న వైన్ కబురు. నవంబర్ మూడో గురువారం బోజొలే కొత్త వైన్ విడుదల. మాకు ఉత్తరాన అరగంట దూరంలోనే ఆ తోటలు. బోజూ అనే ఊళ్లో బుధవారం అర్ధరాత్రి పీపాలు దొర్లించుకొచ్చి తెరుస్తారు. మేం ఆ వారాంతంలో వెళ్లాం. పసుపుపచ్చ రాళ్లతో కట్టిన ఊళ్లు, ఎర్రబారిన తోటలు, వీధిలో కాల్చిన చెస్ట్‌నట్లు. ఆ వైన్, కోసి రెండు మూడు నెలలే అయిన ద్రాక్షది, పొద్దున్నే దించిన తాటికల్లులాంటిది. దాచి పెట్టుకునే సరుకు కాదు, తాజాగా తాగి నవ్వుకోవాలి. 1395లో పక్కనున్న బర్గండీ డ్యూక్ ఒకాయన, ఈ వైన్ చేసే గామే ద్రాక్ష పనికిరాని తీగ, పీకేయండని శాసనం చేశాడు. పక్క జిల్లావాళ్లు ఇప్పటికీ ఆయన మాటే మాట్లాడతారు. నాకైతే గ్లాసు నచ్చింది, రెండోది ఇంకా నచ్చింది. మా ఆవిడ వాసన చూసి "అరటిపండు" అని పక్కన పెట్టేసింది.

కొన్ని జాగ్రత్తలు. ఊళ్లల్లో భోజనం పన్నెండు నుంచి రెండు లోపే, తర్వాత వంటిల్లు మూసేస్తారు, బతిమాలినా తెరవరు. లియోన్ పాత హోటళ్లలో పేగులు, పొట్ట వంటకాలు ఎక్కువ, ఆందుయెత్ అని కనిపిస్తే దాటేయ్. క్నెల్ తీసుకో, చేప గుజ్జుతో మెత్తగా చేస్తారు. గులాబీ రంగు ప్రలీన్ టార్ట్ మాత్రం ఇద్దరికీ ఒకటి సరిపోదు.

వచ్చే ఏడాది లెక్క కూడా చూశాం. 2026లో దీపావళి నవంబర్ 8న, అంటే అక్టోబర్ నెలంతా కోడికి అడ్డు లేదు. ఆవుల పండగ రెండో శనివారం అక్టోబర్ 10న పడుతుంది, ఆ వారానికి ముందే దిగేలా టికెట్లు చూడు. వీసాకి ఆరు నెలల ముందు నుంచీ పెట్టుకోవచ్చు, నీలాంటి బద్ధకస్తుడు ఏప్రిల్‌లోనే మొదలుపెట్టాలి. వచ్చేటప్పుడు ఆవకాయ, గోంగూర, కారప్పొడి తే. నెయ్యి, కోవా తేవద్దు, పాలవి, మాంసపువి ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు. నెయ్యికి బెంగ లేదు, బ్రెస్ వెన్న కాచి డబ్బా నింపి పెడతానని అన్నయ్యకి, అంటే నీకు, చెప్పమంది మా ఆవిడ.

జవాబులో ముందు చెల్లెమ్మ ఏమందో రాయి. నీ అభిప్రాయం తర్వాత చూద్దాం.

ఇట్లు,
నీ బావ