ఈ రోజు గుడ్డు రేటు ఐదు నెలల కిందటే తేలిపోయింది

సంపాదకులకు నమస్కారం.

గుడ్ల ధర పెరిగిందని మీ పేపర్లో వస్తున్న వార్తలు వరసగా చదువుతున్నాను. రేటు ఎంతకు చేరిందో రాస్తున్నారు, జనం ఎంత ఇబ్బంది పడుతున్నారో రాస్తున్నారు, ఎందుకు పెరిగిందన్న దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఉత్పత్తి తగ్గింది" అన్న ఒక్క ముక్కతో సరిపెడుతున్నారు. ఎందుకు తగ్గింది? తగ్గింది సరే, వెంటనే మళ్లీ ఎందుకు పెంచలేకపోతున్నారు? మా ఇంట్లో సరుకుల లిస్టు రాసేది నేనే, ఈసారి ట్రే వద్దులే డజను చాలు అని కొట్టేసి మళ్లీ రాసేదీ నేనే, అందుకే అడుగుతున్నాను.

ముందు కోడి సంగతి చూడండి. పెట్ట కడుపులో ఒక గుడ్డు తయారవడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది, అందులో దాదాపు 20 గంటలు పెంకు కట్టడానికే పోతాయి. మంచి లేయర్ కోడి అయినా ఏడాదికి పెట్టేవి 300, ఆపైన కొన్ని. అసలు గుడ్డు పెట్టే వయసుకు రావాలంటేనే 18 నుంచి 20 వారాలు మేపాలి, దానికి ముందు హేచరీలో 21 రోజులు పొదగాలి, పొదిగాక వచ్చిన పిల్లల్లో సగం పుంజులే కాబట్టి అవి లెక్కలోకి రావు. అంటే కోళ్లు తక్కువయ్యాయని ఈ రోజు గుర్తించి ఈ రోజే పొదగడానికి పెట్టినా, వాటినుంచి మొదటి గుడ్డు చూడటానికి సుమారు ఐదు నెలలు. ఎంత డబ్బు పోసినా ఆ ఐదు నెలలు తగ్గవు.

రేటు బాగా పడిపోయిన రోజులు గుర్తు చేసుకోండి. అప్పుడు ఏ పేపరూ పెద్దగా రాయదు, మేమూ చవకగా వచ్చాయని సంతోషంగా కొనుక్కుని ఊరుకుంటాం. సరిగ్గా అప్పుడే, మేతకు పెట్టిన డబ్బు కూడా తిరిగిరాని రైతు, ముదురు కోళ్లను అనుకున్నదానికంటే ముందే మాంసానికి అమ్మేసి కొత్త బ్యాచ్ పిల్లల్ని దింపడం వాయిదా వేస్తాడు. షెడ్డు ఖాళీ. ఆ ఖాళీ మనకు షాపులో కనిపించేది నెలల తర్వాత. నన్నడిగితే ధర పెరిగిన రోజు కంటే ధర పడిపోయిన రోజే అసలు వార్త.

మేత మాటకొస్తే, గుడ్డు ఉత్పత్తి ఖర్చులో 60 నుంచి 70 శాతం అదే. లేయర్ కోడి రోజుకు సుమారు 110 గ్రాములు తింటుంది, అందులో ఎక్కువ భాగం మొక్కజొన్న, తర్వాత సోయా చెక్క. ఆ మొక్కజొన్న కోసమే స్టార్చ్ ఫ్యాక్టరీలూ, ఇథనాల్ తయారుచేసేవాళ్లూ పోటీకి వస్తారు. 2022లో ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధానికి దిగాక అక్కడి ఓడరేవుల్లో మొక్కజొన్న ఆగిపోతే, ఆ గింజ ఒక్కటి కూడా కొనని దేశాల్లో సైతం మేత ధర కదిలింది. పోనీ మేత తగ్గిద్దామంటే గుడ్లే తగ్గిపోతాయి.

ఇక బర్డ్ ఫ్లూ. హెచ్5ఎన్1 రకం వచ్చిందంటే రోగం సోకిన కోళ్లనే కాదు, ఆ ఫారంలో ఉన్న అన్నిటినీ చంపేస్తారు. అమెరికాలో 2022 నుంచి 2025 మొదటి నెలల దాకా ఇలా పోయిన పక్షులు 15 కోట్లకు పైనే. తర్వాత షెడ్లు కడిగి, మందు కొట్టి, కొన్నాళ్లు ఖాళీగా ఉంచి, అప్పుడు కొత్త పిల్లల్ని దింపాలి. రోగం పిల్లల్ని ఇచ్చే తల్లి కోళ్ల ఫారంలోకి వచ్చిందా, దింపడానికి పిల్లలే దొరకవు.

ఎండల గురించి కూడా చెప్పాలి. కోడికి చెమట పట్టదు, వేడికి నోరు తెరిచి రొప్పుతుంది. రొప్పేకొద్దీ రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, పెంకు గట్టిగా కట్టదు. మొన్న కొనేటప్పుడు డబ్బా మూత తీసి ఒక్కో గుడ్డునూ వేలితో కొంచెం తిప్పి చూశాను. పది తిరిగాయి, రెండు అడుగుకు అంటుకుపోయి కదల్లేదు. పైకి బాగానే ఉన్నాయి, కింద వెంట్రుకంత పగులు. అలా దారిలో పోయిన వాటి నష్టం మంచి గుడ్ల మీదే పడుతుంది కదా.

వీటన్నిటికీ తోడు, ధర పెరిగినా గుడ్లు మానేసేవాళ్లు తక్కువ, కాబట్టి సరఫరాలో చిన్న లోటుకే ధర పెద్దగా ఎగురుతుంది. దొరకవేమోనన్న టెన్షన్‌తో రెండు ట్రేలు ఎక్కువ కొనిపెట్టుకుంటే ఆ లోటును మనమే పెంచినట్టు.

ఇంత చెప్పాను కదా అని వ్యాపారం వైపు తప్పేమీ లేదనడం లేదు. పెరిగేటప్పుడు ఒక్క రోజులో పెరిగే రేటు, మేత చవకయ్యాక, కోళ్లు మళ్లీ నిండాక కూడా వారాల తరబడి ఎందుకు దిగదు? రైతుకు తగ్గిన రోజే నాకూ ఎందుకు తగ్గదు? ఆ మధ్యలో మిగిలింది ఎవరి దగ్గర ఆగుతోంది? ఇది మీ విలేకరులు అడగాల్సిన ప్రశ్న. రోజూ గుడ్డు రేటు వేసే చోటే రైతుకు దక్కిన ధర, షాపులో ధర పక్కపక్కన వేయండి, మేత ధర, ఆ నెలలో కొత్తగా దింపిన పిల్లల సంఖ్య కూడా ఇవ్వండి. ఐదు నెలల తర్వాత లిస్టులో ట్రే రాయాలో డజను రాయాలో నాకు ఇప్పుడే తెలుస్తుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు