బోర్డు మీద కోప్పడకు

నాన్నా,

రాత్రి "అమ్మా, ఈ బోర్డు శుద్ధ దండగ, ఇంకో పెద్దది తీసుకోవాల్సిందే" అని ఫోన్ పెట్టేశావు. అప్పుడు ఏం చెప్పినా నీ చెవికి ఎక్కదని ఊరుకున్నాను. లేచాక తీరిగ్గా చదువుతావని రాస్తున్నాను.

నీ టచ్ స్క్రీనుని నడిపే ఆ చిన్న కంప్యూటరు బోర్డు మీద తీసి నువ్వు పంపిన వీడియో మూడుసార్లు చూశాను. లాప్‌టాప్‌లో చకచకా వచ్చిన మెనూ బోర్డు మీద నత్తలా పాకుతోంది, నిజమే. కానీ తప్పు బోర్డుది కాదురా. లెక్క వేసి చూడు. నీ స్క్రీను 800 పిక్సెళ్ల వెడల్పు, 480 ఎత్తు. పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున ఒక్క ఫ్రేముకి, అంటే స్క్రీను నిండా ఒక్కసారి గీసే బొమ్మకి, 15,36,000 బైట్లు. సెకనుకి 60 ఫ్రేములంటే 9 కోట్ల 21 లక్షల పైచిలుకు. ఊరికే మెమరీలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి తొయ్యమంటే ఆ బోర్డు ఇది మారుమాట లేకుండా చేస్తుంది. నువ్వు చేయిస్తున్నది అది కాదు. బటన్ల కింద నీడ పెట్టావు, మెనూ వెనక మసక పెట్టావు, అదంతా పక్కనుంచి జారుతూ రావాలన్నావు. సగం పారదర్శకంగా ఉన్న ప్రతి పిక్సెల్‌కీ కింది రంగు చదవాలి, పై రంగు కలపాలి, తిరిగి రాయాలి. లాప్‌టాప్‌లో ఈ చాకిరీ బొమ్మలు గీయడానికే పెట్టిన చిప్పు, జీపీయూ, చేస్తుంది. నీ బోర్డులో జీపీయూ లేదు. ఉన్న ఒక్క సీపీయూయే అన్నీ చెయ్యాలి, అదీ ఫ్రేముకి 16.7 మిల్లీసెకన్లలో.

ముందు ఆ మసక తీసెయ్. నీడ లేకపోతే ప్రాణం పోతుందనుకుంటే దాన్ని బొమ్మలోనే కలిపేసి పెట్టుకో, ప్రతి ఫ్రేముకీ లెక్కకట్టించకు. ఆ తర్వాత మారిన చోటు మాత్రమే మళ్లీ గియ్యి. పైన మూల గడియారం ఉంది కదా, 120కి 40 పిక్సెళ్లు. సెకను మారిన ప్రతిసారీ నువ్వు మొత్తం స్క్రీను గీయిస్తున్నావు. ఆ డబ్బా వరకే గీస్తే పని 80వ వంతుకి వచ్చేస్తుంది. 16 బిట్ల రంగుకి మారితే బైట్లు కూడా సగమవుతాయి. కాకపోతే అందులో ఎరుపుకి 32 ఛాయలు, ఆకుపచ్చకి 64, నీలానికి 32 మాత్రమే. నీలం నుంచి తెలుపులోకి కరిగే నీ బ్యాక్‌గ్రౌండు చారలు తేలుతుంది. ఒకటే రంగు పూసెయ్, పీడా పోతుంది. నాకెలాగూ ఆ నీలం నచ్చలేదు.

స్క్రీన్లు కట్టే లైబ్రరీల్లో క్యూటీలో ఉండనా, ఎల్‌వీజీఎల్‌కి మారనా అని అడిగావు. ఎల్‌వీజీఎల్ తేలికది, లినక్స్ లేని చిన్న చిప్పుల మీద కూడా నడుస్తుంది. ఇంగ్లీషు, అంకెలు మాత్రమే చూపించాలంటే నేనూ దానికే ఓటేసేదాన్ని. కానీ నీకు బటన్ల మీద తెలుగు కావాలి. "ప్రారంభం" తీసుకో. మన కంటికి మూడక్షరాలు. యూనికోడ్‌లో ప, పొల్లు, ర, దీర్ఘం, ర, సున్న, భ, సున్న అని ఎనిమిది. వాటిని మెమరీలో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి 3 చొప్పున 24 బైట్లు. ఈ ఎనిమిదింటినీ పేర్చి ప కింద రావత్తు తగిలించే పని హార్ఫ్‌బజ్ లాంటి షేపింగ్ లైబ్రరీది. క్యూటీ దాన్ని వెంటబెట్టుకునే వస్తుంది. అది లేనిచోట పొల్లు ఒకవైపు, ర ఒకవైపు విడిపోయి, చదివేవాడికి నవ్వొస్తుంది, రాసినవాడికి ఏడుపొస్తుంది. కాబట్టి క్యూటీలోనే ఉండు. అందులో స్క్రీను కట్టే రెండు దారుల్లో క్యూటీ క్విక్ మాత్రం వదిలేసి విడ్జెట్లకి రా. క్విక్ అసలు జీపీయూని దృష్టిలో పెట్టుకుని కట్టింది. తెలుగు ఫాంటు బోర్డులో నువ్వే పెట్టాలి, లాప్‌టాప్‌లో ఉందని అక్కడా ఉండదు, ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి. బటను ఎత్తు కూడా ఇంగ్లీషు అక్షరాలకి సరిపోయేలా పెడితే కింద ఒత్తులు తెగిపోతాయి. ఇంకోటి, నీ కోడులో పేరు దాచడానికి 20 బైట్ల బఫరు, అంటే అంతే చోటు, పెట్టడం చూశాను. 20 బైట్ల దగ్గర కోస్తే తెలుగు అక్షరం నడుము విరుగుతుంది. అది మార్చు.

ఇక నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో చేసిన ఘనకార్యం చెప్తాను. మీ నాన్నకి తప్ప ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ద్రవాన్ని కొలిచి సీసాలోకి వదిలే యంత్రానికి టచ్ స్క్రీను చేశాను. "వదులు" బటను నొక్కితే సీరియల్ పోర్టు మీద పంపుకి ఆజ్ఞ పంపి, జవాబు వచ్చేదాకా ఆగాలి. ఆగడానికి రెండు సెకన్లు. ఆ ఆగడం నేను బటను నొక్కగానే నడిచే కోడులోనే రాశాను, అంటే స్క్రీను గీసే థ్రెడ్డులోనే. థ్రెడ్డంటే ప్రోగ్రాములో పనుల్ని ఒకదాని తర్వాత ఒకటి చేసే వరస, అది ఆగితే స్క్రీనూ ఆగుతుంది. నా బల్ల మీద అంతా బాగానే ఉంది, ఎందుకంటే ఆగుతుందని నాకు తెలుసు, ఒక్కసారి నొక్కి చేతులు కట్టుకునేదాన్ని. యంత్రం నడిపే పెద్దాయనకి ఆ సంగతి ఎవరు చెప్పారు? నొక్కాడు. బటను రంగైనా మారలేదు. వేలు సరిగ్గా తగల్లేదేమో అని మళ్లీ నొక్కాడు, ఈసారి గట్టిగా. మొత్తం నాలుగుసార్లు. స్క్రీను పలక్కపోయినా నాలుగు నొక్కుళ్లూ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ కెర్నెల్ దగ్గర వరసలో భద్రంగా కూర్చున్నాయి. థ్రెడ్డు తేరుకోగానే ఒక్కొక్కటే తీసుకుంది. సీసా నిండింది, పొర్లింది, బల్ల మీంచి నా చెప్పుల మీదకి కారింది. ఆయన ఒక్క మాట అనలేదు. గుడ్డ తెచ్చి నా చేతికిచ్చాడు.

అందుకే నీ కోడులో సెన్సరు చదివే లైను క్లిక్ ఫంక్షనులో కనిపించగానే నాకు చెప్పులు తడిసినట్టనిపించింది. నొక్కిన పదో వంతు సెకనులోపు బటను ఏదో ఒకటి చెయ్యాలి: రంగు మారనీ, లోపలికి దిగనీ. అదయ్యాక దాన్ని మూసేసి, అసలు పని వేరే థ్రెడ్డుకి అప్పగించి, జవాబు వచ్చాక తెరువు. వాచ్‌డాగ్ పెట్టానన్నావు, మంచిదే. వేళకి మేత, అంటే "బతికే ఉన్నాను" అన్న సంకేతం, అందకపోతే బోర్డుని మళ్లీ మొదలుపెట్టే కాపలా కుక్క అది. అయితే దాని మేత కూడా ఇంకో థ్రెడ్డు నుంచి వేస్తున్నావు. స్క్రీను బిగుసుకుపోయినా ఆ థ్రెడ్డు మేత వేస్తూనే ఉంటుంది, కుక్క హాయిగా పడుకుంటుంది. మేత స్క్రీను నడిపే లూపు నుంచే పడాలి.

బటన్లు మరీ చిన్నవి. 7 అంగుళాల స్క్రీను మీద మిల్లీమీటరుకి 5.2 పిక్సెళ్లు వస్తాయి. నువ్వు మౌసుతో చూసి పెట్టిన 24 పిక్సెళ్ల బటను 5 మిల్లీమీటర్లు కూడా లేదు. నేను 9 మిల్లీమీటర్లకి, అంటే ఇక్కడ 47 పిక్సెళ్లకి తగ్గనివ్వను. కాగితాన్ని స్క్రీనంత కత్తిరించి, బటన్లు పెన్సిలుతో గీసి, బొటనవేలితో నొక్కి చూడు, నీకే తెలుస్తుంది. మౌసు పైకి రాగానే రంగు మారే సోకులు కూడా తీసెయ్. వేలు నొక్కితేనే తగులుతుంది, పైన తచ్చాడదు.

స్క్రీను నిలువుగా తిప్పితే వేలు ఒకచోట, నొక్కు ఇంకోచోట అన్నావు. చూపించే అద్దం వేరు, తాకే పొర వేరు. ఒకదాన్ని తిప్పితే రెండోది తనంతట తాను తిరగదు. నొక్కుళ్లని అంకెల్లో చూపించే ఎవ్‌టెస్ట్ ప్రోగ్రాము పెట్టి నాలుగు మూలలూ నొక్కి, ఎక్స్, వై ఎలా మారుతున్నాయో రాసుకో. కీబోర్డు తగిలిస్తే టచ్ పోవడానికి కారణం ఇంకొకటి: టచ్‌కీ కీబోర్డుకీ లినక్స్ ఇచ్చే ఈవెంట్ నంబర్లు మారుతుంటాయి, నువ్వేమో కోడులో ఒక నంబరు బిగించేశావు. ఏ పోర్టుకి తగిలించావో దాన్ని బట్టి పేరు ఉండే బై-పాత్ ఫోల్డర్లోంచి పేరు తీసుకుని వాడు.

మెమరీ కార్డు సంగతి మర్చిపోకు. ఈ డబ్బాని ఎవరూ పద్ధతిగా షట్‌డౌన్ చెయ్యరు, ప్లగ్గు పీకేస్తారు. సిస్టమ్ ఫైళ్లుండే రూట్ ఫైల్ సిస్టమ్‌ని రీడ్-ఓన్లీగా, అంటే చదవడానికే తప్ప రాయడానికి వీల్లేకుండా, మౌంట్ చేసి, సెట్టింగులకి వేరే పార్టిషన్ పెట్టు. సెట్టింగులు పాత ఫైలు మీదే రాయకు. కొత్త ఫైల్లో రాసి, అది నిజంగా కార్డులోకి చేరేలా ఎఫ్‌సింక్ చేసి, అప్పుడు పాతదాని పేరు దానికి పెట్టు. నడిమధ్యలో కరెంటు పోయినా పాతదో కొత్తదో ఒకటి నిండుగా మిగులుతుంది.

గడియారం 1970 జనవరి 1 చూపించడం పెద్ద జబ్బేం కాదు. బోర్డులో బ్యాటరీతో నడిచే గడియారం లేదు, అంతే. కానీ టైమర్లకి మాత్రం ఆ గడియారం వాడకు, తేదీతో పని లేకుండా ముందుకే నడిచే మోనోటానిక్‌ది వాడు. నెట్ తగిలి తేదీ ఒక్కసారిగా ఇన్నేళ్లు ముందుకి దూకితే నీ పది నిమిషాల టైమరు అప్పుడే అయిపోయిందనుకుంటుంది.

ఇవాళ ఇన్నీ చెయ్యక్కర్లేదు. మసక తీసేసి, గడియారం డబ్బా ఒక్కటే గీసేలా మార్చి, ఫ్రేముకి ఎన్ని మిల్లీసెకన్లు పడుతోందో కొలిచి ఆ అంకె నాకు పంపు. కొత్త బోర్డు మాట అప్పుడు మాట్లాడదాం.

అమ్మ